బడి వదిలే వేళకు వచ్చే నీటిగుర్రం

నన్ను ఎరిగినవాళ్ళు ఇది చదివేముందే ఒక లెక్క వేసుకుంటారు. ప్రభుదాసు చెప్పిన దాంట్లో సగం తీసెయ్యాలి, మిగిలిన సగాన్ని కూడా కాసేపు ఎండలో ఆరబెట్టాలి అని. వేసుకోండి, నాకు కొత్త కాదు. జ్వరం గురించి చెప్పే చోట మాత్రం ఏమీ తీసెయ్యకండి. అక్కడ నేను కలపలేదు. కలిపే ఓపిక అప్పుడు లేదు, కలిపే ధైర్యం ఇప్పుడు లేదు.

చెడ్డకాలం దాటిందని అందరూ అంటున్నారు. నేను అనడం లేదు. సాయంత్రం బడి వదిలే వేళ అయితే నా చెయ్యి దానంతట అదే మెడ మీదికి పోతుంది. వేడి ఉందో లేదో చూసుకుని గానీ కిందికి రాదు. రాసుకుంటే ఆ చెయ్యి కాస్త కుదురుగా ఉంటుందేమోనని రాస్తున్నాను. చదివినవాళ్ళలో ఎవరైనా ఒకరు, "నాకు నయమైపోయింది" అని నలుగురిలో లేచి చెప్పేముందు కొన్నాళ్ళు ఆగితే అంతకన్నా నాకు కావలసింది లేదు.

జూన్, మిర్గం

నేను జాంబియా దేశంలో, ఉత్తరాన ఒక నది ఒడ్డున ఉన్న మిషన్ బడిలో పంతులును. పొద్దున లెక్కలు, మధ్యాహ్నం బైబిలు. ఆదివారాలు సైకిలెక్కి చుట్టుపక్కల పల్లెల్లో గడ్డి కప్పిన ప్రార్థన మందిరాలకు పోతాను. అక్కడ దారి అంటే ముందు పోయిన సైకిలు గీసిన గీతే. వాన పడితే ఆ గీత కూడా ఉండదు, ఊహ మీద పోవాలి. బడి గంటకు బదులు పాత లారీ చక్రం రింగును చెట్టుకు వేలాడదీసి బోల్టుతో కొడతారు. పిల్లలు నన్ను "బాటీచా" అంటారు. ఆ "బా" మన "గారు" లాంటిదే, కాకపోతే ముందుగా వస్తుంది. తిండి మక్కపిండి గట్క, ఎండు చిన్నచేపలు. మేడ్చల్‌లో పుట్టినవాడికి ఆ ముద్ద నోట్లో పెట్టుకుంటే పరదేశం అన్న బాధ నాలుక దాకా రాదు.

మేడ్చల్‌లో ఇల్లు, ఇంట్లో సుగుణ. నా భార్య, అంగన్‌వాడీ టీచరు. మాకు పిల్లలు లేరు, ఆమెకు అంగన్‌వాడీ నిండా, నాకు ఆ నది ఒడ్డు నిండా ఉన్నారు. రెండేళ్ళకోసారి సెలవు దొరికితే వస్తాను. శామీర్‌పేటలో, చెరువుకు దగ్గరగా, మా అక్క మరియమ్మ ఉంటుంది. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. ఆమె ముందుగదిలో వారం వారం ప్రార్థనకు గృహ కూడిక జరుగుతుంది.

ఈసారి మిర్గం నాడు, మృగశిర కార్తె మొదలయ్యే రోజున, అక్క ఇంట్లోనే ఉన్నాను. ఆ రోజు చేప తినని ఇల్లు మా వైపు ఉండదు. చేపలమ్మే పోశమ్మ గంప దింపి, కత్తిపీట ముందు కూర్చుని, పొలుసు గీకుతూ నన్ను కదిలించింది.

"సారూ, ఆ దేశంల చాపలు పెద్దగుంటయా?"

"పెద్దగనా? ఒక్కటి దొరికిందంటే దాని పొలుసులు ఇంటి మీద రేకులోలె కప్పుకుంటరు."

"మరి పులుసెట్ల వెడ్తరు?"

"నదిల్నే వెడ్తరు. కింద మంట వెడితే సరి."

"గట్లనా! ఉప్పు ఎవలు జూస్తరు?"

"నీటిగుర్రం జూస్తది."

ఇక నీటిగుర్రం వచ్చాక నన్ను ఆపడం ఎవరి తరం? ప్రతి ఆదివారం సాయంత్రం అది నదిలోంచి లేచి మా ప్రార్థనకు వస్తుందని, వెనక వరసలో నిలబడుతుందని, పాటలన్నీ విని, వాక్యం కూడా విని, కానుక సంచి దగ్గరికి రాగానే మెల్లగా జారుకుంటుందని చెప్పాను.

"గసుంటి నీటిగుర్రాలు మన సంఘంల గూడ ఉన్నయి తమ్మీ," అంది అక్క మసాలా నూరుతూ. "పేర్లు జెప్పమంటవా?"

పోశమ్మ నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. పక్కకు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చాలాసేపు దగ్గింది. సర్కారు దవాఖానలో గోలీలు ఇస్తున్నారని, నెలల తరబడి మింగాలన్నారని, కడుపులో తిప్పుతుందని చెప్పింది.

"అక్కడ దోమలుండవా సారూ? మా చెరువు గట్టు మీదైతే నిలవడనియ్యవు."

"ఉంటయి. నన్ను కుట్టవు. నా నెత్తురంత చింతపండు పులుసని వాటికి ఎరుకైంది."

ఇది అబద్ధమని చెప్పనవసరం లేదు. కుట్టేవి. నాకిచ్చిన దోమతెరను పక్కింటి జాలరికి ఇచ్చేశాను, దాంతో అతను నదిలో చిన్నచేపలు పట్టేవాడు. వాటిలో సగం సాయంత్రం నా గట్కలోకి వచ్చేవి. మంచి బేరమే అనుకున్నాను.

జూన్ చివర

మొదటిసారి అది వచ్చినప్పుడు ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నాను. మేడ్చల్ బడి పిల్లలు సంచులు ఊపుకుంటూ ఇళ్ళకు పోతున్నారు. ఉక్క. చొక్కా వీపుకు అంటుకుని ఉంది. ఆ ఉక్కలో, ఎవరో వెనక నిలబడి నా మెడ మీద తడిగుడ్డ వేసినట్టు చలి దిగింది. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

సుగుణ అంగన్‌వాడీ నుంచి వచ్చేసరికి నేను మంచం మీద ఉన్నాను. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ నా మీద ఉన్నాయి. మంచం కోళ్ళు బండల మీద టకటకలాడుతున్నాయి.

"ఏందయ్యా, నాటకమా?" అంది. ఆమె తప్పు లేదు. లోగడ ఒకసారి కాకరకాయ కూర వండిందని నేను చచ్చిపోయినట్టు నటించి పడుకున్నాను. దగ్గరికి వచ్చి చెయ్యి పెట్టింది. తరవాత ఆ మాట ఎత్తలేదు.

చలి తరవాత మంట, మంట తరవాత చెమట. తెల్లవారి లేస్తే ఏమీ లేదు. ఆకలి కూడా వేసింది. అదే అసలైన మోసం. ఒక రోజు వదిలేసి, మరుసటి రోజు అదే వేళకు, పిల్లల సంచుల చప్పుడు వీధిలో వినబడగానే, మళ్ళీ తడిగుడ్డ మెడ మీద పడింది.

వీధి చివర క్లినిక్‌లో డాక్టరు నేను ఎక్కడి నుంచి వచ్చానో అడిగి, మొహం మార్చి, "రేపు పొద్దున రక్తం ఇవ్వాలి, మరిచిపోకండి" అన్నాడు. ఆ సాయంత్రమే అక్క సంఘం స్త్రీలను వెంటబెట్టుకుని వచ్చింది. మంచం చుట్టూ కూర్చుని ప్రార్థన చేశారు. అక్క నా నుదుటికి నూనె రాసి, తల మీద చేతులుంచి ఏడ్చింది. నా చెమట దిండు దాటి పరుపులోకి దిగింది. పొద్దున లేస్తే నా ఒళ్ళు ఉతికి ఆరేసిన చొక్కాలా ఉంది.

"నడువు, రక్తమిచ్చొద్దాం," అంది సుగుణ, చెప్పులు వేసుకుని.

"దేవుడు ముట్టినంక ఇగ సూది ఎందుకే?"

"నీకు సూదంటే భయం. దేవుని మీదికి నూకకు."

ఆమె చెప్పిందే నిజం. అయినా ఆ రోజు శామీర్‌పేటలో కూడిక. అక్క అప్పటికే ఫోను చేసింది, అందరూ ఎదురు చూస్తున్నారని.

తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మా సంఘాల్లో స్వస్థత పొందినవాడు లేచి నిలబడి ఆ సంగతి చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటాము. చెప్పకపోతే దేవుడి సొమ్ము దాచుకున్నట్టు. చెప్పాక అది ఇక మనది కాదు, ఇల్లిల్లూ తిరుగుతుంది. ఎవరికో ధైర్యమవుతుంది. దాన్ని వెనక్కి తీసుకున్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఎలా తీసుకోవాలో కూడా ఎవరూ నేర్పరు.

లేచాను. ముందుగది నిండింది. గడపకు అవతల, గంప పక్కన పెట్టుకుని పోశమ్మ కూర్చుని ఉంది. కూడికకు ఎప్పుడూ రాని మనిషి, చేపలమ్మి పోతూ ఆగింది. జనం కళ్ళు నా మీద పడితే నాకు ఏమవుతుందో మీకు తెలుసు. చలిని హిమాలయం చేశాను. మంటను కొలిమి చేశాను. అంతటితో ఆగితే బాగుండేది. చెయ్యెత్తి, "ఇగ ఆ జ్వరం నా గడప తొక్కది!" అన్నాను.

"స్తోత్రం!" అంది గది అంతా. అక్క ఏడ్చింది. మా పాస్టరు అయ్యగారు, తెల్లజుట్టు మనిషి, కళ్ళు మూసుకుని తలాడించారు. పోశమ్మ నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది.

సుగుణ మాత్రం చాప అల్లికలోకి చూస్తోంది.

జూలై

మరుసటి సాయంత్రం, పిల్లలు వీధిలోకి రాకముందే అది వచ్చింది.

"మీ అక్కకు ఫోన్ జేస్తున్న," అంది సుగుణ.

"చెయ్యకు."

"ఎందుకు జెయ్యొద్దు? ఒళ్ళు పెనమోలె ఉన్నది."

"సాక్ష్యం జెప్పిన సుగుణా."

"చెప్తే? జ్వరం ఇన్నదా నీ సాక్ష్యం?"

"అక్క మొకం జూసినవా ఆ దినం? అయ్యగారు తలకాయ ఊపిండు. ఇప్పుడు లేసి లేదు లేదంటే... దేవుడు అబద్ధమాడిండని అయితది."

"దేవుడెందుకు ఆడుతడు? ఆడింది నువ్వు." దుప్పటి నా మెడ దాకా లాగింది. "సరే. ఒక్కసారి జూస్త. మళ్లొస్తే నీ మాట ఇన."

మళ్ళీ వచ్చింది. మళ్ళీ బతిమాలాను. అలా ఆమెను నా అబద్ధంలోకి లాగాను. జ్వరం లేని రోజు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, శామీర్‌పేట బస్సెక్కి అక్కకు కనబడి వచ్చేవాణ్ణి. "చిక్కిపోయినవేందిర?" అంటే, "ఉపవాసాలుంటున్న" అనేవాణ్ణి. జ్వరం రోజు అక్క ఫోను చేస్తే సుగుణే ఎత్తేది. ఒకసారి గాజులరామారంలో విశ్వాసుల ఇంటికి పోయానని, ఒకసారి దూలపల్లిలో ప్రార్థనకు పోయానని చెప్పేది. జన్మలో అబద్ధం ఆడని మనిషి. ఫోను పెట్టేసి, కడుక్కున్న చేతులే మళ్ళీ కడుక్కునేది. నాతో మాట్లాడడం తగ్గించింది. మందుల దుకాణం గోలీలు, నీళ్ళగ్లాసు మంచం పక్కన పెట్టి, చప్పుడు చెయ్యకుండా పోయేది. ఆ చప్పుడు లేకపోవడమే నాకు చలికన్నా ఎక్కువ భయమేసేది.

పక్కింటి అంజయ్య ఆటో నడుపుతాడు. గండిమైసమ్మ చౌరస్తా అతని అడ్డా. ఒక పొద్దున గోడ మీదుగా తల పెట్టాడు.

"సారూ, గీ వానల దుప్పట్లు రోజిడిచి రోజు ఆరేస్తున్నరేంది?"

"ఆఫ్రికా అలవాటు అంజయ్యా. అక్కడ దుప్పటి పిండి తాగుతరు."

అతను నవ్వలేదు. నా కళ్ళలోకి చూశాడు. కళ్ళు అప్పటికే పసుపు పచ్చగా ఉన్నాయని తరవాత చెప్పాడు. "ఆటో ఇంటికాడ్నే ఉంటది సారూ, ఎప్పుడన్న పిలువుండ్రి," అని తల దించుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజుల్లోనే దాన్ని మొదటిసారి చూశాను. మంటలో ఉన్నప్పుడు కిటికీలోంచి వీధి చివర ఏదో నల్లగా నిలబడి ఉంది. ముందు నీళ్ళ ట్యాంకరు అనుకున్నాను. ట్యాంకరుకు చెవులుండవు. మరుసటి జ్వరానికి అది నాలుగిళ్ళు దగ్గరికి వచ్చింది. ఆ తరవాతి జ్వరానికి అంజయ్య గోడ పక్కన ఉంది, ఒళ్ళంతా తడిగా, కదలకుండా. నేను కల్పించి ఊరంతా తిప్పిన జంతువు. కానుక సంచి చూసి పారిపోయే జంతువు. ఇప్పుడు ఎక్కడికీ పారిపోవడం లేదు.

సుగుణకు చెప్పలేదు. చెబితే ఎలాగూ సగం తీసేస్తుంది.

బోనాల ఆదివారం

ఆ రోజు పొద్దుటి నుంచే డప్పులు. జ్వరం వేళ కూడా మరిచిపోయింది, మధ్యాహ్నమే వచ్చింది. ఇక మధ్యలో విడుపు ఉండదని ఎందుకో తెలిసిపోయింది.

గేటు చప్పుడైంది. అక్క గొంతు. చెప్పకుండా వచ్చింది, ఆరాధన అయ్యాక, గిన్నెలో కోడికూర కట్టుకుని.

"తమ్ముడేడి?"

"పండుకున్నడు వదినా. తల నొస్తాంది అన్నడు. లేపకు."

"పండుకోనీ. నీకొకటి జెప్పాలె. ఆ చాపల పోశమ్మ లేదూ? తమ్ముని సాక్ష్యం ఇన్న దినం సంది దవాఖాన గోలీలు బంజేసిందట. 'సారుకు గంత పెద్ద రోగం పోయింది, నాకు గీ దగ్గు పోదా' అని. నేను గూడ సంబురపడ్డ. గని నిన్న నెత్తురు గక్కిందట సుగుణా. దవాఖానకు పోదాం రాయే అంటే ఇంటలేదు. 'సారు చెయ్యెత్తి జెప్పిండు, నా గడప తొక్కది అన్నడు' అంటాంది. నాకు పరేషాన్ అయితాంది."

ఆ మాటలు తలుపు కింది సందులోంచి నా గదిలోకి వచ్చాయి.

నేను లేచాను. ఎలా లేచానో నాకు తెలియదు. గోడ పట్టుకున్నాను, తలుపు పట్టుకున్నాను, దుప్పటి వెంట ఈడ్చుకుంటూ గదిలోంచి బయటికి వచ్చాను. అక్క నన్ను చూసి గిన్నె కింద పెట్టింది.

"అక్కా, చెయ్యి వెట్టు."

"ఏందిర?"

"నా మెడ మీద చెయ్యి వెట్టు అక్కా."

పెట్టింది. నా చిన్నప్పుడు ప్రతి జ్వరానికీ పెట్టిన చెయ్యి. కాలిన దాన్ని తాకినట్టు వెనక్కి తీసుకుంది.

"ఎప్పట్సంది?"

"సాక్ష్యం జెప్పిన తెల్లారి సంది."

కొట్టడానికి చెయ్యెత్తింది. ఆ చెయ్యి దిగేలోగా నా మోకాళ్ళు దిగాయి. అదే చెయ్యి నా తలను బండకు తగలకుండా పట్టుకుంది. తరవాత ఆమె అయ్యగారికి ఫోను చెయ్యడం నాకు వినబడింది.

"అయ్యగారూ, జల్దీ పోశమ్మింటికి పోండ్రి. దవాఖానకు తీస్కపోండ్రి. మా తమ్ముని జ్వరం పోలేదు, ఒక్కదినం గూడ పోలేదు, సచ్చిపోతుండని జెప్పండ్రి. గట్ల జెప్తెనే కదుల్తది."

"సచ్చిపోతుండు" అన్నప్పుడు ఆమె గొంతు వణకలేదు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

అంజయ్య ఆటో తెచ్చాడు. సుగుణ ఒక పక్క, అక్క ఒక పక్క, మధ్యలో నేను. పెద్దరోడ్డు ఎక్కేచోట బోనాల ఊరేగింపు అడ్డం వచ్చింది. తలల మీద బోనాలు, వేపమండలు, పూనకాలు, డప్పులు. ముందుకు లేదు, వెనక్కు లేదు. అంజయ్య హారను కొడుతున్నాడు, డప్పుల్లో ఎవరికి వినబడుతుంది? అప్పుడు పోతురాజు ఆటో ముందుకు వచ్చాడు. ఒళ్ళంతా పసుపు, నడుముకు వేపాకు, చేతిలో కొరడా. వంగి లోపలికి చూశాడు. నా మొహం, నా పక్కన శిలువ గొలుసుతో అక్క మొహం. ఒక్కమాట అడగలేదు. వెనక్కి తిరిగి కొరడా గాల్లో ఝళిపించాడు. జనం రెండుగా చీలారు. వాళ్ళ మధ్య నుంచి ఆటో పోతుంటే అతను ముందు పరుగెత్తాడు, రోడ్డు ఖాళీ అయ్యేదాకా.

ఆ మనిషి ఎవరో ఇంతవరకు తెలియదు. నేను మాత్రం వెనక కిటికీలోంచి చూస్తున్నాను. జనం మళ్ళీ కలిసిపోయారు. వాళ్ళ మధ్యలోంచి, ఎవరినీ తాకకుండా, ఆ తడి జంతువు ఆటో వెనకే నడిచి వస్తోంది.

ఆసుపత్రి

ఇక్కడ నాకు చాలా రోజులు లేవు. ఉన్నవి ఇతరులవి, అడిగి తెచ్చుకున్నవి. నీటిగుర్రం ఆటో వెనకే వచ్చిందని నేను కలవరిస్తూ ఉన్నానని అక్క చెప్పింది.

నాకున్నది ఇదొక్కటే. లారీ రింగు మోగుతోంది. నది ఒడ్డు బడి. నేను హాజరు పిలుస్తున్నాను, ఒక్క పిల్లవాడూ పలకడం లేదు. బల్లల మీద అందరూ ఉన్నారు, నన్నే చూస్తున్నారు, పలకరు. చివరి బల్ల పక్కన నీటిగుర్రం. అప్పుడు ఎవరో నా పేరు పిలిచారు. "ప్రభుదాసు." బడిలో ఉన్నవాడు పేరు పిలిస్తే పలకాలి కదా, నోటి దాకా వచ్చింది. పలకలేదు. ఎందుకు పలకలేదో తెలియదు. జన్మలో నేను నోరు మూసుకున్న ఒకే ఒక్క సందర్భం అదే కావచ్చు.

బయట వరండా కుర్చీల్లో సుగుణ, అక్క కూర్చున్నారు. మధ్యలో ఒక కుర్చీ ఖాళీ. మొదటి రోజంతా మాటల్లేవట. డాక్టరమ్మ వచ్చి, చెడ్డరకం మలేరియా అని, మెదడు దాకా పోయిందని, "ఇంకా ముందే తెచ్చి ఉంటే..." అని మొదలుపెట్టి, సుగుణ మొహం చూసి ఆ వాక్యం అక్కడే వదిలేసిందట. డాక్టరమ్మ వెళ్ళాక అక్క అడిగింది.

"నాకెందుకు జెప్పలే సుగుణా?"

"ఎట్ల జెప్పాలె వదినా? ఊరంత జెప్పుకొని తిరుగుతున్నవు. నీ సంబురం జూస్తే నోరు రాలే."

"నా సంబురం ఎక్కువైందా నీకు, నీ మొగని పానం కన్న?"

"నాకు గాదు. ఆయనకు."

అంజయ్య ఫ్లాస్కులో చాయ్ తెచ్చి ఖాళీ కుర్చీలో పెట్టి, మెట్ల దగ్గరికి పోయి కూర్చున్నాడు. పండుగ పూట అతనికి ఇంటి నిండా చుట్టాలు, అయినా పోలేదు. కాసేపటికి అక్క మూత తీసి, చాయ్ పోసి, ముందు సుగుణకు ఇచ్చింది. సుగుణ తీసుకుంది. "అంతే, గంతకన్న ఏం మాట్లాడుకోలే," అంటుంది సుగుణ ఇప్పుడు. కానీ చాయ్ అయ్యాక ఆ ఖాళీ కుర్చీలోకి అక్కే జరిగి కూర్చుందని అంజయ్య నాకు చెప్పాడు.

నాకు తెలివి వచ్చాక అయ్యగారు వచ్చారు. పోశమ్మను పట్నంలో పెద్ద సర్కారు దవాఖానలో చేర్పించారట. రోజూ పొద్దున అక్కడికి, సాయంత్రం ఇక్కడికి తిరుగుతున్నారట. నేను అడగలేకపోయాను. ఆయనే చెప్పారు.

"బతికున్నది. గోలీలు మళ్ల మొదటి నుంచి ఏసుకోవాలన్నరు. ఈసారి ఇంక కష్టపు గోలీలట."

మొహం గోడ వైపు తిప్పుకున్నాను.

"ప్రభుదాసూ, ఇటు దిరుగు. ఆ దినం నీ జ్వరం దిగిందా లేదా?"

"దిగింది అయ్యగారూ."

"దేవుడే దించిండు. నేను నమ్మిన, ఇప్పుడు గూడ నమ్ముతున్న. గని 'ఇగ రాదు' అన్నదెవరు?"

నేను దుప్పటి మొహం దాకా లాక్కున్నాను.

"అది దేవుడు అనలే. నువ్వన్నవు. ఆ ఒక్కమాట కలిపినవు సూడు, ఆమె పట్టుకున్నది అదే." ఆయన నా దుప్పటి సర్ది లేచారు. తలుపు దగ్గర ఆగారు. "నేను గూడ తలకాయ ఊపిన. నువ్వొక్కనివే గాదు."

ఇప్పుడు

ఇంటికి వచ్చాను. నడక నేర్చుకున్నాను, అరుగు దాకా, తరవాత గేటు దాకా. నది ఒడ్డు నుంచి పిల్లలు ఫోనులో ఒక పాట పాడి పంపారు. చివర లారీ రింగు కూడా మోగించారు. ఆ చప్పుడు రాగానే సుగుణ ఫోను లాక్కుని ఆపేసింది, నా మొహం అలా మారిందట. అక్కడి పక్కింటి జాలరికి దోమతెర తిరిగి కావాలని కబురు పెట్టాను. ఇస్తానన్నాడు, చేపల వాసన మాత్రం పోదట. తిరిగి వెళ్తానో లేదో నాకు తెలియదు.

ఎందుకంటే డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. నా ఒంట్లో రెండు రకాలు దూరాయట. ఒకటి పోయింది. రెండోది కాలేయంలో దాక్కునే రకం. దానికి వేరే గోలీలు ఇచ్చింది. "పూర్తిగా వేసుకోండి. అయినా ఎప్పుడైనా చలి పుడితే, అదే రోజు రండి. నెలల తరవాతైనా సరే."

ఈ చోట నన్ను నమ్మండి, సగం తీసెయ్యకుండా చెబుతున్నాను. ఆ నదిలో నేను నీటిగుర్రాన్ని ఎప్పుడూ చూడలేదు. ఒకే ఒక్కసారి, పడవలో దాటుతుంటే, నీళ్ళ మీద రెండు చెవులు కనబడ్డాయి. పడవవాడు తెడ్డు ఆపేశాడు. ఊపిరి కూడా తీయొద్దని సైగ చేశాడు. కాసేపటికి చెవులు మునిగిపోయాయి. "పోయిందా?" అని అడిగాను. అతను నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. మిగతా జంతువంతా నేను కట్టుకున్నదే.

అక్క ముందుగదిలో మళ్ళీ కూడిక. నేను పోను అన్నాను. అక్క వచ్చి నన్నూ సుగుణనూ తీసుకుపోయింది. పోశమ్మ వచ్చి ఉంది, గంప లేకుండా, సగమైపోయి, గాలి తగిలేట్టు గడప అవతలే కూర్చుని. ఎవరూ నన్ను లెమ్మనలేదు. అక్క కూడా. నేనే లేచాను. అందరి కళ్ళూ నా మీద పడ్డాయి. నోట్లో మాటలు ఊరాయి. ఆటో వెనక నడిచిన జంతువు ఉంది, పోతురాజు కొరడా ఉంది, పలకని హాజరు ఉంది. ఇంత మంచి సరుకు నాకు జన్మలో దొరకలేదు.

"ఇయ్యాల జ్వరం లేదు," అన్నాను. "గోలీ ఏసుకున్న. రేపటి సంగతి నాకెరుక లేదు."

కూర్చున్నాను. "స్తోత్రం" అని ఎవరూ అనలేదు. చాలాసేపటికి అయ్యగారు మెల్లగా అన్నారు.

కూడిక అయ్యాక బయట చెప్పులు వెతుక్కుంటుంటే దూరంగా బడి గంట వినబడింది. పిల్లలు వీధిలోకి వచ్చారు, సంచులు ఊపుకుంటూ. చెరువు మీద ఎండ పడి మెరుస్తోంది. పోశమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె దగ్గరికి పోవడానికి కాళ్ళు రాలేదు. ఆమే పిలిచింది.

"సారూ."

"చెప్పు పోశమ్మా."

"జ్వరంల నీ నీటిగుర్రం నీ ఎంబడి వచ్చిందట గద. మరియమ్మక్క జెప్పింది. మా చెరువుల కనవడ్తాందా?"

చెరువు వైపు చూశాను. "లేదు."

"కనవడకుంటే పోయినట్టేనా?"

"కాదు."

ఆమె కొంగుముడి విప్పి, గోలీ తీసి, నా కళ్ళలోకి చూస్తూ నోట్లో వేసుకుంది. అక్క ఇచ్చిన నీళ్ళు తాగి, గొంతులో అడ్డం పడ్డట్టు మొహం పెట్టి, మింగింది. నేను తలాడించబోయి మానుకున్నాను.

పిల్లలు దాటిపోయారు. వీధి ఖాళీ అయింది. సుగుణ చెయ్యి అప్పటికే నా మెడ మీద ఉంది.